డీబీ తలుపు వెనక పెన్సిల్ రాత

నాన్న ఎలక్ట్రిక్ స్కూటర్ కొనుక్కుంటానన్నాడు. దానికి ఛార్జింగు పాయింటు పెట్టాలంటే ముందు ఇంటి డీబీ బాక్సు చూడాలి. అందుకని ఒక ఆదివారం పొద్దున్నే ముక్త్యాల దగ్గర నేను ఉద్యోగం చేస్తున్న ఫ్యాక్టరీ క్వార్టర్స్ నుంచి నందిగామ వచ్చాను. వెంట తెచ్చుకున్నవి: టెస్టరు, క్లాంప్ మీటరు, రెండు సైజుల స్క్రూడ్రైవర్లు, దుమ్ము దులపడానికి పాత టూత్‌బ్రష్, ఒక నోట్‌బుక్. ఏ పనికి వెళ్ళినా ముందు జాబితా రాసుకోవడం నాకు అలవాటు. ఆ అలవాటు ఎవరిని చూసి నేర్చుకున్నానో మాత్రం చాలా ఏళ్ళు ఆలోచించకుండా తప్పించుకున్నాను.

మీటరు నుంచి వచ్చిన కరెంటు గదులకు చీలే ఇనప పెట్టె మా ఇంట్లో నడవాలో, వంటింటి గుమ్మం పక్కన ఉంటుంది. దాని తలుపు లోపలి వైపు పైభాగంలో పెన్సిల్‌తో రాసిన ఒక పట్టిక, దాని కింద గ్యాసు బుకింగు నంబర్ల స్టిక్కరు. పదమూడేళ్ళుగా ఆ స్టిక్కరు అక్కడే ఉంది. అందులో ఉన్న గ్యాసు కంపెనీ సిలిండరు మేం వాడనే వాడం. ఆ సంగతి కూడా నాకు ఆ రోజే తట్టింది. అంచులు ఎండి లేచి ఉన్నాయి. బ్రష్ తగిలితే సగం ఊడి వచ్చింది, మిగతా సగం గోటితో గీకాను. దాని కింద అదే చేతిరాత, అదే మందపాటి వడ్రంగి పెన్సిల్: “మెయిను తీశాను. మాస్టారి అబ్బాయి చెప్పినందువల్ల. మళ్ళీ పెట్టాలి. సైదులు.”

మాస్టారంటే నాన్న. మాస్టారి అబ్బాయిని నేను. నాకు కోపం వచ్చింది. ఈ పేజీలు రాస్తున్న ఇప్పటికీ అది తగ్గలేదు, తగ్గించుకునే ప్రయత్నం కూడా నేను చేయడం లేదు.

ఆ ఇంట్లో నా చిన్నతనమంతా మేనత్త చేతి మీదుగా నడిచింది. చేతి మీదుగా అని ఊరికే అనడం లేదు. నాకు ఊహ తెలియక ముందే అమ్మ పోతే, నాన్నకు అక్కయిన రాజ్యమత్తయ్య వచ్చి మా ఇంట్లో ఉండిపోయింది. ఆవిడ కుడిచేయి నాకిప్పటికీ భాగాలుగా గుర్తుంది. అరచేతిలో పొడుగ్గా ఒక గీత, బొటనవేలి మీద కత్తిపీట మచ్చ, గోళ్ళ సందుల్లో పసుపు. ఆ చేతికి పొద్దున కాఫీ డికాక్షను వాసన, పదింటికి ఇంగువ వాసన, సాయంత్రం శనగపిండి వాసన ఉండేది. ఆవకాయ అన్నం కలిపితే ముద్దలు ఒకే కొలతలో వచ్చేవి. పది ముద్దలకు కంచం ఖాళీ అయ్యేది, ఎప్పుడు లెక్కపెట్టినా పదే. గ్రైండరులో పప్పు రుబ్బేటప్పుడు రాయి తిరుగుతుండగానే వేళ్ళతో పిండిని లోపలికి తోస్తూ ఉండేది. “అత్తయ్యా, ఆపి తోయొచ్చుగా,” అంటే, “ఆపితే పిండి అలుగుద్దిరా,” అనేది. ఆవిడ నీచు మానేసిన మనిషి. వీధిలో చేపలమ్మి కేక వినబడితే వంటింటి కిటికీ మూసేసేది. ఈ ఒక్క సంగతి పాఠకులు గుర్తుపెట్టుకోవాలి, తర్వాత పని ఉంది.

నాన్న లెక్కల మాస్టారు. రిటైరయ్యాక మేడ మీద రెండు గదులు కట్టించి ట్యూషన్లు పెట్టాడు. ఆయనకొక నియమం ఉండేది. లెక్క తప్పితే పిల్లలెవరూ రబ్బరుతో చెరపకూడదు, ఒక్క గీత కొట్టి పక్కన సరైనది చేయాలి. “తప్పు ఎక్కడ చేశావో కనపడాల. చెరిపితే మళ్ళీ అక్కడే పడతావ్,” అనేవాడు. మా ఇంట్లో రబ్బరు అనే వస్తువే ఉండేది కాదు.

మేడ కట్టినప్పుడు ఇల్లంతా కొత్తగా వైరింగు చేసింది జగ్గయ్యపేట సైదులు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు, చెవి మీద ఎర్ర వడ్రంగి పెన్సిలు. టీవీఎస్ బండి మీద నందిగామ దాకా వచ్చేవాడు. ఆ రోజుల్లో ఇళ్ళలో పని చేసే ఎలక్ట్రీషియన్లు పని అయ్యాక ఒక స్విచ్ వేసి, బల్బు వెలిగితే కాఫీ తాగి వెళ్ళిపోయేవాళ్ళు. సైదులు అలా వెళ్ళేవాడు కాదు. చేసిన ప్రతి ఇంట్లోనూ డీబీ తలుపు వెనక ఏ స్విచ్ ఏ గదిదో, ఎంత లోడో వరసగా రాసి, కింద కూడిక వేసి, సంతకం పెట్టేవాడు. తర్వాత ఏ మార్పు చేసినా ఆ కిందనే ఇంకో వరస. “నేను రేపు ఉండకపోవచ్చు, వచ్చినోడికి తెలవాలగా,” అనేవాడు. అది ఎవరూ నేర్పిన పద్ధతి కాదు, అతనిది. ఆ పట్టిక చూసే నేను నోట్‌బుక్కుల్లో జాబితాలు రాయడం మొదలుపెట్టాను. చెప్పాల్సిన మాట, ఇప్పుడు చెబుతున్నాను.

అతను మా పెట్టెలో పెట్టినవి ఇవి. మొదట ముప్పైరెండు ఆంపియర్ల మెయిను, లోడు అంతకు మించితే పడిపోయి కరెంటు ఆపేది. దాని తర్వాత నలభై అని రాసి ఉన్న ఆర్‌సీసీబీ, షాకు కొట్టబోతే పడిపోయి ప్రాణం కాపాడేది. దాని తర్వాత గదులకు చిన్న స్విచ్‌లు ఎనిమిది. ఆ ఆర్‌సీసీబీ మీద చిన్న బటను ఉంటుంది, నెలకోసారి నొక్కితే అది పడిపోవాలి, పడిందంటే పనిచేస్తున్నట్టు. మొదట్లో నాన్న ప్రతి నెలా ఒకటో తారీకు పొద్దున కాఫీ తాగి ఆ బటను నొక్కేవాడు. ఇల్లంతా ఒక్కసారి ఆగిపోయేది. వంటింట్లోంచి అత్తయ్య, “ఒరే తమ్ముడూ, చెప్పి నొక్కరా, మిక్సీలో పచ్చడుంది!” అని అరిచేది. మా ఇంట్లో నెల మొదలయ్యిందని తెలిసేది ఆ కేకతోనే.

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ మొదటి సంవత్సరం పూర్తిచేసిన ఎండాకాలం అది. మేడ మీద ట్యూషను గదులకు రెండు ఏసీలు, కింద హాల్లో ఒకటి వచ్చాయి. అవి మూడూ నడుస్తుండగా నీళ్ళ మోటారు, ఇండక్షను పొయ్యి, ఇస్త్రీపెట్టె కలిశాయంటే యాభై ఆంపియర్ల దగ్గరికి పోతుంది. ముప్పైరెండు మెయిను పడిపోయేది. పడాల్సిందే, దాని పని అదే. కానీ మధ్యాహ్నం మూడింటికి ముప్పై మంది పిల్లలు చెమటలు కక్కుతూ మెట్లు దిగి వస్తుంటే నాన్నకు తల కొట్టేసినట్టుండేది. సైదులును పిలిపించాడు.

సైదులు పెట్టె తెరిచి, పట్టికలో వేలు పెట్టి, పైనుంచి కిందకు చదివాడు. “మాస్టారూ, మేడకి వేరే లైను లాగాల. దానికి ఒక మెయిను, ఒక ఆర్‌సీసీబీ విడిగా పెట్టాల. కరెంటాఫీసులో లోడు పెంచమని దరఖాస్తు పెట్టండి. పది రోజుల పని,” అన్నాడు.

“పది రోజులా? పరీక్షలున్నయ్యయ్యా,” అన్నాడు నాన్న.

అప్పుడు నేను కలగజేసుకున్నాను. నా వయసు పదిహేడు. అతనికి నలభై దాటి ఉంటాయి. నేను అతన్ని నువ్వు అనేవాణ్ణి, అతను నన్ను మీరు అనేవాడు.

“ఈ ముప్పైరెండుదే కదా పడేది. ఇది తీసెయ్. వెనకాల నలభైది ఉందిగా, యాభై వస్తే అది పడిద్ది,” అన్నాను.

“అది బరువుకి పడదు బాబూ. అది లీకు చూసిద్ది, ఇది బరువు చూసిద్ది. రెండూ వేరే వేరే.”

“నలభై అని రాసుంది, కనపడట్లా?”

“కనపడతంది. అది తట్టుకునేది నలభై. ఆపేది కాదు.”

“మా కాలేజీలో నీకు పాఠం చెప్పమంటావా?” అన్నాను. ఈ వాక్యాన్ని నేను ఎక్కడా మెత్తబరచడం లేదు. అన్నది అన్నట్టే రాస్తున్నాను.

నాన్న నవ్వాడు. కొడుకు మీద గర్వంతో వచ్చిన నవ్వు. “చదువుతున్నాడుగదయ్యా, వాడికి తెలవదా? వాడు చెప్పినట్టు చెయ్,” అన్నాడు. సైదులు స్క్రూడ్రైవరు తీశాడు. తర్వాత మెయిను ఊడదీసి, రెండు తీగల్ని నేరుగా ఆర్‌సీసీబీకి కలిపాడు. చెవి మీద పెన్సిలు తీసి తలుపు వెనక ఏదో రాశాడు. నేను చూడలేదు. నేను అప్పటికే హాల్లో ఏసీ వేసి, మేడ మీదికి వెళ్ళి అక్కడి రెండూ వేసి, నా విజయాన్ని వింటూ నిలబడ్డాను.

మళ్ళీ ఆ ఎండాకాలమంతా కరెంటు ఆగలేదు. పక్కింటి సరోజనమ్మ గారొచ్చి, “మీ ఇంట్లో ఏసీలు ఆగకుండా నడుస్తున్నయ్యేంటి వదినా?” అంటే, అత్తయ్య నా తల మీద చెయ్యేసి, “అంతా మా నాని చలవ!” అనేది. వీధిలో కనబడ్డ వాళ్ళందరికీ చెప్పేది. ఒకటో తారీకు బటను కూడా నేనే మాన్పించాను. మాటిమాటికీ ఆపితే ఏసీలు పాడవుతాయని చెప్పాను. నాన్న విన్నాడు. మా ఇంట్లో నెలలు కేక లేకుండా మొదలవడం నేర్చుకున్నాయి.

ఇప్పుడు ఆ వాసన గురించి చెప్పాలి. ఎండలు ముదిరాక నడవాలో మధ్యాహ్నాలు నీచు వాసన రావడం మొదలైంది. ఎండుచేపలు కాలుతున్నట్టు, పల్చగా, ఉండీ లేనట్టు. అత్తయ్య ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఇల్లంతా వెతికింది. ఎదురింట్లో కొత్తగా దిగిన వాళ్ళు కిటికీ దగ్గర వండుతున్నారని తేల్చి, గేటు దగ్గర నిలబడి, “మీ వంట మీ ఇంట్లో చేసుకోండమ్మా, మా నడవాలో ఎందుకు?” అని నిలదీసింది. ఆ ఇల్లాలు బిత్తరపోయి, “మేం తిననే తినం పిన్నిగారూ,” అంది. అత్తయ్య నమ్మలేదు. రోజూ మూడింటికి నడవాలో సాంబ్రాణి వేసేది. నన్నడిగితే ఎక్కడో ఎలక చచ్చి ఉంటుందన్నాను.

ఆ వాసన డీబీ బాక్సులోంచి వచ్చింది. స్విచ్‌ల్లో వాడే కొన్ని రకాల ప్లాస్టిక్కు వేడెక్కితే చేపల వాసన వేస్తుంది. నలభై తట్టుకునే ఆర్‌సీసీబీలోంచి రోజుకు నాలుగైదు గంటలు యాభై పోతోంది. అది లోపల ఉడుకుతోంది, దాని కాంటాక్టులు కరిగి ఒకదానికొకటి అతుక్కుంటున్నాయి. అది పడదు, పడమని దానికెవరూ చెప్పలేదు. వెళ్ళే కరెంటు, తిరిగొచ్చే కరెంటు సమానమా కాదా అన్నదొక్కటే అది చూస్తుంది. ఎంత వెళుతోందో దానికి పట్టదు. లారీ తలుపు మీద ఇన్ని టన్నులని రాసి ఉన్నంత మాత్రాన సున్నపురాయి ఎక్కువ ఎక్కిస్తే లారీ ఆగిపోతుందా? జగ్గయ్యపేట రోడ్డు మీద పెరిగిన వాడికి ఈ సంగతి ఎవరైనా చెప్పాలా? ఇంట్లో ఉన్న ముగ్గురిలో ప్రమాదాన్ని పసిగట్టింది ఒక్క అత్తయ్య ముక్కే. దాన్ని మేం సాంబ్రాణి పొగతో కప్పాం.

వినాయక చవితి ముందు రోజు పొద్దున అత్తయ్య గ్రైండరులో పప్పు వేసింది. దాని ప్లగ్గుకు ఎర్తు పిన్ను ఎప్పుడో విరిగిపోయింది. లోపల తీగ ఒరుసుకుని కరెంటు గ్రైండరు బాడీకి వచ్చింది. ఆవిడ తడి చేయి ఎప్పటిలాగే లోపలుంది. సరిగ్గా ఇలాంటి క్షణం కోసమే ఆర్‌సీసీబీ పెడతారు. కళ్ళు మూసి తెరిచేలోగా అది పడిపోవాలి. పడలేదు.

నాకు వినబడింది కేక కాదు, గొంతులో నొక్కుకుపోయిన శబ్దం. పరుగెత్తుకొచ్చి చూశాను. ఆవిడ గ్రైండరు పక్కనే ఉంది, చేయి దానికి అంటుకుని ఉంది. గోడకు గ్రైండరు స్విచ్ నాకు రెండడుగుల దూరంలో ఉంది. చదువుకున్నవాణ్ణి కదా, నేను దాన్ని వదిలి నడవాలో డీబీ దగ్గరికి పరుగెత్తాను. ఆర్‌సీసీబీ మీట కిందికి లాగాను. కదల్లేదు. రెండు చేతులతో లాగాను. కదల్లేదు. ఈలోపు నాన్న వెనక గుమ్మంలోంచి వచ్చి చీపురు కర్రతో ప్లగ్గు కొట్టేశాడు. నేను పోగొట్టిన క్షణాలు ఎన్నో నాకు తెలియదు. అన్నిటినీ లెక్కపెట్టే నేను దీన్ని లెక్కపెట్టలేకపోయాను.

అత్తయ్య బతికింది. విజయవాడ ఆసుపత్రిలో కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు తీసేశారు. మిగిలినవి అరచేతిలోకి ముడుచుకుపోయాయి. నేను ఆవిడతో ఆసుపత్రిలో ఉండగా నాన్న ఇంటికి వచ్చి వెళ్ళాడు. నేను తిరిగొచ్చేసరికి డీబీలో కొత్త మెయిను, కొత్త ఆర్‌సీసీబీ ఉన్నాయి, వేరే మనిషెవరో బిగించాడు. తలుపు వెనక స్టిక్కరు ఉంది. నందిగామలో అందరికీ ఒక మాట తెలిసిపోయింది: సైదులు వైరింగు మాస్టారి అక్క చెయ్యి తీసేసింది.

సైదులు వచ్చాడు. వరండాలో నాన్న గొంతు పెద్దదయ్యింది. నేను హాల్లోంచి చూస్తున్నాను. సైదులు నాన్న భుజం మీదుగా నన్ను చూసి, “బాబూ, మీరు చెప్పండి,” అన్నాడు.

నేను లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను.

అప్పటికి నాకు పూర్తి సంగతి తెలియదు, నిజమే. మెయిను తీయించానని తెలుసు, అందువల్లే ఇదంతా జరిగిందని రూఢిగా తెలియదు. రెండో సంవత్సరం ల్యాబులో తెలిసింది. రికార్డులో ఒక వాక్యం రాయించారు: ఆర్‌సీసీబీ ఓవర్‌లోడు నుంచి తనను తాను కాపాడుకోలేదు, దానికి ముందు తగిన ఎంసీబీ, అంటే మెయిను, ఉండాలి. సైదులు చెప్పిందే, కాస్త పుస్తకాల భాషలో. ఆ శనివారం ఇంటికొచ్చాను. భోజనాల దగ్గర అత్తయ్య ఎడమచేత్తో చెంచా పట్టుకుంది. ఎడమచేత్తో తినాల్సి వచ్చినప్పటి నుంచి ఆవిడ పెళ్ళిళ్ళకూ, బంతి భోజనాలకూ వెళ్ళడం మానేసింది. ఎవరింట్లోనూ విస్తరి ముందు కూర్చోలేదు. చెంచా ఎత్తి, దానికేసి చూసి, ప్రతి పూటా అనే మాటే ఆ పూటా అంది: “అంతా ఆ సైదులు చలవ!”

నేను పప్పులో నెయ్యి వేసుకున్నాను. కలుపుకున్నాను. తిన్నాను. అలా పదమూడేళ్ళు తిన్నాను.

ఈ మధ్యలో నేను ఇంజినీరునయ్యాను. తెలిసిన వాళ్ళ కొత్త ఇళ్ళకు వెళ్ళినప్పుడు అడక్కుండానే డీబీ తెరిచి చూస్తాను. ఆ రోజుల్లో మూడు ఏసీల ఇల్లంటే వీధంతా చెప్పుకునేది. ఇప్పుడు విజయవాడ వైపు కీసర దాటాక హైవే పక్కన లేచిన విల్లాల్లో గదికొకటి, పైన గీజర్లు, ఓవెన్లు, కింద కారు ఛార్జరు. పెట్టెలు అందంగా ఉన్నాయి, గాజు తలుపులు. చాలా వాటిలో ముందు మెయిను ఉండదు, ఉన్నా అరవైమూడు ఉంటుంది, వెనక ఆర్‌సీసీబీ నలభైది. ఇదేంటని అడిగితే కాంట్రాక్టరు నన్ను జాలిగా చూసి, “నలభైది ఉంది కదా సార్, ఎక్కువైతే పడిద్ది,” అంటాడు. పదిహేడేళ్ళ వయసులో నేనన్న మాట నాకే తిరిగి వినబడుతుంది. నేను అరుస్తాను. వాళ్ళు నన్ను చాదస్తపు మనిషి అనుకుంటారు. తలుపుల వెనక మాత్రం ఎక్కడా ఒక్క వరస రాసి ఉండదు. ఎవరు ఏం చేశారో, ఎవరు చెబితే చేశారో ఎవరికీ తెలియకూడదన్నట్టు అన్నీ తెల్లగా ఉంటాయి.

ఆ ఆదివారం ఊడిన స్టిక్కరు చేత్తో పట్టుకుని వరండాలోకి వెళ్ళాను. నాన్న పేపరు చదువుతున్నాడు.

“ఇది మీరే అంటించారా?”

నాన్న స్టిక్కరు చూశాడు, నన్ను చూశాడు, పేపరు మడిచాడు. “సైదులు మెయిను తీసినరోజే అన్నాడు, తలుపు వెనక రాశా చూడండి మాస్టారూ అని. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చినప్పుడు చూశా.”

“చూసి?”

“నీకప్పుడు పదిహేడేళ్ళు. మేనత్త చెయ్యి పోగొట్టాడన్న పేరుతో చదువుతావా నువ్వు? ఊళ్ళో తిరుగుతావా?”

“ఆ పేరు సైదులుకి ఇచ్చారుగా. అతను తిరిగాడా ఊళ్ళో?”

“వాడికి వేరే పని దొరికిందిలేరా.”

“చెరిపేయొచ్చుగా నాన్నా, ఎందుకు చెరపలేదు?”

నాన్న మడిచిన పేపరు మళ్ళీ విప్పాడు. ఎందుకో నాకు తెలుసు. ఆయన చెరపడు. ఆయన పిల్లలకు నేర్పిన సగం నియమం పాటించాడు, రెండో సగం స్టిక్కరు కింద పెట్టాడు.

“అక్కకి మాత్రం చెప్పొద్దురా. ఈ వయసులో ఆవిడ తట్టుకోలేదు,” అన్నాడు.

“తట్టుకోలేంది మీరూ నేనూ,” అని, డీబీ తలుపు ఊడదీసి సంచీలో పెట్టుకుని జగ్గయ్యపేట బస్సెక్కాను.

సైదులు ఊరి బయట లారీలు ఆగే చోట, ఒక రేకుల షెడ్డు కింద దొరికాడు. జుట్టు నెరిసింది. సిమెంటు లారీ కింద పడుకుని వెనక లైట్ల తీగలు కలుపుతున్నాడు. చెవి మీద పెన్సిలు ఉంది. నన్ను గుర్తుపట్టడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు.

“మాస్టారి అబ్బాయి,” అంటూ బయటికి వచ్చాడు.

“ఇళ్ళ పని మానేశారా?” అన్నాను. మీరు అనడం నా నోటికి అలవాటు లేక తడబడ్డాను.

“నన్నెవరు పిలుస్తరు? నందిగామలో ఒకామె చెయ్యి పోతే జగ్గయ్యపేటలో గుడ్డోడికి కూడా తెలిసిపోయింది. ఇదే నయం. లారీకి ఇరవైనాలుగు వోల్టులు. ఎవరి చెయ్యీ పోదు. పైగా లారీకి చదువుకున్న కొడుకులుండరు,” అని నవ్వాడు. పక్కన నిలబడ్డ లారీ డ్రైవరు కూడా నవ్వాడు, ఎందుకో తెలియకుండానే.

నేను సంచీలోంచి తలుపు తీసి చూపించాను. అతను చేతులు తుడుచుకుని దాన్ని వెలుతురులో పెట్టి, ఆనాటిలాగే వేలుతో పైనుంచి కిందకు చదివాడు. ఆఖరి వరస దగ్గర ఆగాడు.

“ఆ రోజు మీరు చెప్పింది నిజమని నాకు రెండో సంవత్సరంలోనే తెలిసింది. అది చెబుదామని వచ్చా,” అన్నాను.

“నాకెందుకు చెప్పటం? నాకు తెలిసిందేగా,” అన్నాడు. గొంతు పెంచలేదు. “నువ్వు చెప్పాల్సింది తెలవనోళ్ళకి.”

మొదటిసారి నన్ను నువ్వు అన్నాడు. ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

“మళ్ళీ మెయిను పెట్టారా?” అని అడిగాడు.

“పెట్టారు. ముప్పైరెండే. మేడకి విడిగా లైను కూడా లాగారు.”

అతను చెవి మీద పెన్సిలు తీసి, ‘మళ్ళీ పెట్టాలి’ అన్న మాట పక్కన టిక్కు పెట్టి తలుపు నాకిచ్చాడు. “తీసుకుపోయి బిగించు. తలుపు లేకుండా డీబీ ఉంచగూడదు. ఇంట్లో పెద్దామె తిరుగుతా ఉండిద్ది,” అన్నాడు. మళ్ళీ లారీ కిందికి దూరాడు. నేనింకా నిలబడే ఉన్నానని కాళ్ళు చూసి తెలిసిందేమో, కింద నుంచే, “బస్సుకి టైమవుతంది,” అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి అత్తయ్య నా కోసం అన్నం పెట్టుకుని కూర్చుని ఉంది. నాన్న గదిలోంచి బయటికి రాలేదు. నేను తినకుండా ఆవిడ ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. నేను సైదులుతో అన్న మాట, నాన్న నవ్వు, బటను మాన్పించడం, నీచు వాసన ఎక్కడిదో, గోడ స్విచ్ వదిలి నడవాలోకి ఎందుకు పరుగెత్తానో, ఏదీ వదల్లేదు. తలుపు మీద రాసింది చదివాను.

“మళ్ళీ చదువు,” అంది.

చదివాను. ముడుచుకుపోయిన చేతిని ఎడమచేత్తో పట్టుకుంది.

“ఎదురింటామె తిననే తిననని ఒట్టేసింది. నేను నమ్మలా,” అంది. తర్వాత, “మీ నాన్నకి తెలుసు,” అంది. లేచి వెళ్ళిపోయింది. నన్ను తిట్టలేదు. ఏడవలేదు. ఆ పూట ముగ్గురిలో ఎవరూ తినలేదు.

మరుసటి ఆదివారం మళ్ళీ వెళ్ళాను. డీబీ తలుపు ముందు వారం రాత్రే స్టిక్కరు లేకుండా బిగించేశాను. స్కూటరు ఛార్జరుకు విడిగా లైను లాగి, సైదులు రాసిన ఆఖరి వరస కింద పెన్సిల్‌తో ఇంకో వరస రాసి సంతకం పెట్టాను. మధ్యాహ్నానికి సరోజనమ్మ గారు గోంగూర పచ్చడి పట్టుకుని వచ్చారు. అత్తయ్య ఆవిణ్ణి భోజనానికి ఉండమంది. పదమూడేళ్ళలో ఆవిడ బయటివాళ్ళ ఎదుట కంచం ముందు కూర్చోవడం నేను చూడలేదు. నాన్నను గదిలోంచి పిలిపించి పక్కన కూర్చోబెట్టింది. వడ్డించే పని నాకు అప్పజెప్పింది. ఎడమచేత్తో చెంచా పట్టుకుంది. ఎత్తింది. దానికేసి చూసింది.

“అంతా మా నాని చలవ!” అంది.

సరోజనమ్మ గారు నా వైపు మెచ్చుకోలుగా చూశారు. “మళ్ళీ ఏం చేశాడు వదినా? ఏసీలేమన్నా బాగుచేశాడా?”

“ఉండు, చెప్తా. ఆ సైదులు గురించి నీకు నేను చెప్పిందంతా అబద్ధం. మొదటి నుంచి చెప్తా విను. విని, ఎవరెవరికి చెప్పామో వాళ్ళందరికీ మళ్ళీ చెప్పాల,” అని, చెంచా కంచంలో పెట్టి, “ఒరే నానీ, ఆవిడకి పప్పు వెయ్,” అంది.

నేను వేశాను.